రెండు జడలు, ఒక ముడి

1983 సెప్టెంబరులో, అమెరికా పడమటి భాగంలోని ఒక కౌంటీ కోర్టు విచారణకు మా పత్రిక తరఫున వెళ్ళాను. బహుభార్యాత్వం పాటించే ఒక మతసమాజం నుంచి ప్రభుత్వం బస్సుల్లో తరలించుకొచ్చిన పిల్లలను తిరిగి ఇళ్ళకు పంపెయ్యమని జడ్జి చెప్పింది ఆ రోజే.

ఆయన గొంతు పెంచలేదు. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, ప్రభుత్వం తరఫున నిలబడ్డ కౌంటీ అటార్నీ డీన్‌ను అడిగాడు.

“ఇంతమందినీ ఒకే పిటిషన్‌లో మూటకట్టి తెచ్చారు. ఒక్కరి గురించి చెప్పండి. ఎవరు, ఎవరివల్ల, ఏం హాని?”

డీన్ కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పాడు. “ఒక అమ్మాయి ఉంది, యువర్ ఆనర్. పదిహేనేళ్ళు. ఆ సమాజంలో ఒక పెద్దవయసు మనిషికి ఆమెను ఇప్పటికే భార్యగా ఇచ్చేశారని మా నమ్మకం. ఇవ్వకపోతే, త్వరలో ఇస్తారు.”

“నమ్మకమా, సాక్ష్యమా?”

“ఇప్పటికి నమ్మకం.”

పక్క తలుపు తెరిచి ఆ అమ్మాయిని తీసుకొచ్చారు. పొడుగు చేతుల గౌను, మెడ దాకా బొత్తాలు. జుట్టంతా వెనక్కి దువ్వి, మెడమీద గట్టిగా ముడి వేసుకుంది. జడ్జి అడిగినదానికి ఆమె ఇచ్చిన జవాబు చిన్నది. “నేను బాగానే ఉన్నాను సర్. నన్నెవరూ ఏమీ చెయ్యలేదు. ఇంటికి వెళ్ళిపోతాను.” మూడు మాటలూ ఒకే శ్వాసలో, ఒకే స్వరంలో వచ్చాయి. బాగా వల్లెవేసిన పాఠంలా ఉందనిపించింది నాకు. నిజం చెప్పేవాళ్ళు కూడా భయపడితే అలాగే చెబుతారని వెంటనే గుర్తొచ్చింది.

జడ్జి మిగతా పిల్లలందరినీ పంపించేశాడు. ఈ ఒక్క అమ్మాయి విషయంలో ప్రభుత్వం విడిగా పిటిషన్ వెయ్యవచ్చనీ, అది తేలేదాకా ఆమె పట్టణంలోనే ఒక సంరక్షక కుటుంబం దగ్గర ఉంటుందనీ ఉత్తర్వు ఇచ్చాడు. కోర్టు హాలు సగం చప్పట్లు కొట్టింది. సగం మాట్లాడకుండా లేచిపోయింది.

రాసుకుంటున్న నా చెయ్యి మాత్రం ఆ ముడి దగ్గరే ఆగింది. ఆ అమ్మాయిని నేను అంతకుముందు మే నెలలో చూశాను. అప్పుడు ఆమెకు రెండు జడలు.

ఇక్కడ కొంత వెనక్కి వెళ్ళాలి.

నేను విజయవాడలో ఒక ఇంగ్లీషు దినపత్రికలో కొన్నేళ్ళు పనిచేసి, పై చదువు పేరుతో ఈ దేశం వచ్చినవాణ్ణి. చదువయ్యాక పెద్ద నగరాల పత్రికలు నా ఉత్తరాలకు జవాబివ్వలేదు. ఈ కౌంటీ పత్రిక ఇచ్చింది. పొద్దున్నే కోర్టు, పోలీసుల చిట్టా, మధ్యాహ్నం నీటిపారుదల బోర్డు, సాయంత్రం డెస్క్. డెస్క్ అంటే విలేకరి తెచ్చినదాన్ని కోసి, సరిచేసి, శీర్షిక పెట్టేచోటు. అక్కడ మా ఎడిటర్ వాల్టర్ మాటే చట్టం.

కొండల అవతల లోయలో ఉన్న ఆ సమాజం గురించి రాసే పని వాల్టర్ నాకే ఎందుకు ఇచ్చాడో మొదట్లో నాకు అర్థం కాలేదు. అడిగితే దాచకుండా చెప్పాడు.

“ఈ ఆఫీసులో ప్రతివాడికీ ఏదో ఒక చర్చి ఉంది మూర్తీ. సగంమంది ముత్తాతలకు ఇద్దరేసి ముగ్గురేసి భార్యలు. మిగతా సగం మంది తాతలు వాళ్ళమీద తుపాకులు పట్టుకు తిరిగినవాళ్ళు. నీకు ఏ చర్చీ లేదు. నిన్ను ఇద్దరూ సమానంగా అనుమానిస్తారు. అదే నాక్కావాలి.”

మా తాతగారికి కూడా ఇద్దరు భార్యలు ఉండేవారని నేను అతనికి చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు. మా నాన్న ఇద్దరినీ అమ్మా అనే పిలిచేవాడు. అందులో వింత ఉందని నాకు ఎప్పుడూ తోచలేదు. మా పెద్దనాయనమ్మ వంటింట్లోంచి ఎందుకంత తక్కువగా బైటికొచ్చేదో కూడా ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ రెండు సంగతులూ కలిసి గుర్తొచ్చింది ఈ వార్త రాస్తున్నప్పుడే.

లోయలో వాళ్ళ పద్ధతి ఇది. మొదటి పెళ్ళి కౌంటీ ఆఫీసులో రిజిస్టరు చేయిస్తారు. ఆ తర్వాతవి సమాజం పెద్దలు ప్రార్థనతో జరిపేవి. వాటికి కాగితం ఉండదు. కాగితం లేని పెళ్ళిని ప్రభుత్వం నేరంగా రుజువు చెయ్యడం చాలా కష్టం. అందుకే ప్రభుత్వం పెద్దల జోలికి పోకుండా పిల్లల వైపు నుంచి వచ్చింది. ఆ వాతావరణంలో పెరగడమే పిల్లలకు హాని అన్నది డీన్ వాదన. వెనకటి తరంలో ఇలాంటి దాడే ఒకటి జరిగి, ఏడుస్తున్న పిల్లల ఫొటోలు పత్రికల్లో పడి, ప్రభుత్వమే తలదించుకుందని పాతవాళ్ళు చెప్పుకునేవారు. డీన్‌కూ అది తెలుసు. తెలిసి కూడా మళ్ళీ ఎందుకు పూనుకున్నాడన్నది నాకున్న మొదటి అనుమానం. వచ్చే ఏడాది ఎన్నికల్లో అతను నిలబడుతున్నాడు.

మే నెలలో నన్ను లోయకు ఆహ్వానించింది ఎఫ్రెయిమ్. సమాజం తరఫున బైటివాళ్ళతో మాట్లాడే మనిషి ఆయనే. సన్నగా, పొడుగ్గా, మాట తొణకకుండా ఉండేవాడు. బడి చూపించాడు, పాలకొట్టాలు చూపించాడు, పిల్లల చేత పాట పాడించాడు. చూపించిన ప్రతిదీ చూపించడానికే సర్దినట్టుండేది. బడిలో నల్లబల్లమీద మచ్చ కూడా లేదు.

“మీ దేశంలో ఈ ఆచారం కొత్తేమీ కాదు కదా మూర్తిగారూ,” అన్నాడు నడుస్తూ.

“ఇప్పుడు చట్టం ఒప్పుకోదండి.”

“చట్టం,” అని నవ్వాడు. “ఇక్కడా ఒప్పుకోదు.”

నన్ను మంచి చేసుకోవడానికి అన్నాడో, నా తాతగారి సంగతి ఎలాగో పసిగట్టి అన్నాడో తెలియదు. రెండోది అసాధ్యం. అయినా ఆ రోజంతా అది నన్ను వదల్లేదు.

ఎఫ్రెయిమ్‌కి మధ్యలో ఎవరో కబురు పంపితే, నన్ను పెద్ద వంటింట్లో కూర్చోబెట్టి వెళ్ళాడు. ఆ కాసేపే నేను అక్కడ ఎవరూ సర్దిపెట్టనిది చూసిన సమయం. నలుగురైదుగురు ఆడవాళ్ళు రొట్టెల పిండి పిసుకుతున్నారు. అందరికీ మెడమీద ముడులే. వాళ్ళలో లేయా అనే ఆవిడ, నలభై దాటిన మనిషి, మోచేతుల దాకా పిండితో, నన్ను పరీక్షగా చూసి అడిగింది.

“పెళ్ళయిందా మీకు?”

“అయింది.”

“ఒక్కరేనా?”

“ఒక్కరికే సరిపోలేకపోతున్నానండి.”

ఆడవాళ్ళు నవ్వారు. లేయా నవ్వకుండా, “మీ ఆవిడ జుట్టు ఎలా వేసుకుంటుంది?” అంది.

“ఒకటే జడ. పొడుగ్గా.”

“ఒకటా!” అంది, పిండి చేతులు పైకెత్తి. “విన్నారా? మా దగ్గర రెండు జడలుంటే ఆడపిల్ల. ముడి ఉంటే ఇల్లాలు. ఇచ్చిన రోజే తల్లి జడలు విప్పి ముడి వేస్తుంది. ఒక్క జడ అంటే మీ ఆవిడ ఇంకా ఆలోచిస్తోందన్నమాట. జాగ్రత్తగా ఉండండి మరి!”

ఈసారి అందరికన్నా గట్టిగా నవ్వింది ఆవిడే. సరిగ్గా అప్పుడే ఒక అమ్మాయి పొయ్యికి కట్టెలు తెచ్చి పడేసింది. లేయా ఆ పిల్లవైపు గడ్డంతో చూపిస్తూ, “అదిగో. రెండు,” అంది.

ఆ అమ్మాయి నా బూట్లు, నా టై, నా మొహం వరసగా చూసింది. “మీ దేశంలో సముద్రం ఉందా?”

“ఉంది. మా ఊరికి దూరం కాదు.”

“ఉప్పగా ఉంటుందని చదివాను. వాసన కూడా ఉంటుందా?”

“ఉంటుంది. ఎండుచేపల వాసన.”

“ఛీ!” అని మొహం చిట్లించి నవ్వింది. ఎఫ్రెయిమ్ అడుగుల చప్పుడు వినగానే ఆ నవ్వు పోయింది. పిండి బల్ల దగ్గర మాటలూ ఆగిపోయాయి.

ఆ నెల్లోనే నా కథనం వచ్చింది. జుట్టు సంగతి అందులో లేదు. అప్పటికి అది వంటింటి పరాచికం.

ఆగస్టు చివర్లో డీన్ నాకు ఫోన్ చేశాడు. మర్నాడు లోయకు బస్సులు వెళ్తున్నాయనీ, పిల్లలు పట్టణం చేరేదాకా అచ్చు వెయ్యనని మాట ఇస్తేనే మిగతాది చెబుతాననీ అన్నాడు. మా వృత్తిలో దీన్ని ఎంబార్గో అంటారు. వార్త ముందే చేతికొస్తుంది, కానీ ఫలానా వేళ దాకా దాన్ని అచ్చు వెయ్యకుండా నోట్లోనే దాచుకోవాలి. వాల్టర్ ఒప్పుకున్నాడు, కానీ ఒకమాట అన్నాడు. “నీకు ముందే చెప్పాడంటే, తన పక్షాన రాస్తావని లెక్కేశాడు. ఎందుకలా లెక్కేశాడో కూడా కనుక్కో.”

నాకు తెలిసినంతలో కారణం ఒకటే. నేను లోయ లోపలికి వెళ్ళొచ్చినవాణ్ణి. నా కథనంలో నల్లబల్లమీద మచ్చ లేదని రాశాను. అది మెప్పు కాదని డీన్ ఒక్కడే గ్రహించాడు.

పిల్లల్ని పట్టణంలో ఒక వ్యాయామశాలలో ఉంచారు. నేలంతా పరుపులు. తల్లులను గేటు దగ్గరే ఆపేశారు. లోపల మొదట చెయ్యాల్సిన పని ప్రతి పిల్లకూ పేరు, తల్లి పేరు రాసి చేతికి పట్టీ కట్టడం. అక్కడే ప్రభుత్వం మొదటి తప్పు చేసింది. పిల్లల్ని “మీ అమ్మ పేరేమిటి” అని అడిగారు. ఒక్కొక్కరు మూడేసి పేర్లు చెప్పారు. ఒకే కడుపున పుట్టిన అన్నదమ్ములు వేర్వేరు పేర్లు చెప్పారు. సాయంత్రానికి పట్టీలన్నీ కత్తిరించి మళ్ళీ కట్టాల్సి వచ్చింది. పిల్లలకు అబద్ధాలు నేర్పారని ఒక సోషల్ వర్కర్ బాహాటంగా నాతో అంది. అది నేను రాశాను, ఎదుటివాళ్ళ జవాబుతో సహా.

పిల్లలకు వైద్యపరీక్షలు చెయ్యడానికి కౌంటీ పిలిపించినవాళ్ళలో డాక్టర్ సుశీల ఉన్నారు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, పదేళ్ళుగా ఆ పట్టణంలో పిల్లల డాక్టరుగా ఉన్నావిడ. ఆ చుట్టుపక్కల తెలుగు మాట్లాడేది మా రెండు కుటుంబాలే. కారు దగ్గర కనిపిస్తే పలకరించాను.

“ఏమండీ మూర్తిగారూ, పెన్ను బైటికి తీశారంటే నేను కారెక్కి వెళ్ళిపోతా,” అన్నారు.

“జేబులోనే ఉందండీ.”

“పిల్లలు హెల్తీగా ఉన్నారు. పళ్ళు మనవాళ్ళ పిల్లలకన్నా బాగున్నాయి. అది రాసుకోండి. మిగతాదంతా కాన్ఫిడెన్షియల్.”

“డీన్ అనుమానిస్తున్న ఆ పదిహేనేళ్ళ పిల్ల సంగతి?”

“చూశారా! పెన్ను లోపలే ఉంది, చెవులు మాత్రం బైటే ఉన్నాయి మీకు.” కారు తాళం తిప్పబోయి ఆగారు. “ఈ అమ్మల గోల చూశారా? ఆ సోషల్ వర్కర్ ఏడుపొక్కటే తక్కువ. నేనన్నానూ, మా ఇంట్లో నేను పెద్దమ్మని కూడా అమ్మా అనే పిలిచేదాన్ని, అందులో అబద్ధమేం ఉందీ అని. ఆవిడ నావంక చూసిన చూపుందే! రేపట్నుంచి నా పిల్లల్ని కూడా చెక్ చేసేట్టుంది.”

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

“కానీ ఒక్కటి. అంతమంది అమ్మలున్న పిల్లకి కష్టమొస్తే ఏ అమ్మతో చెప్పుకుంటుందండీ? ఎవరో ఒకరు విని ఉంటారని అందరూ అనుకుంటారు.”

ఆ వారం ఊరంతా ఇదే మాట. పత్రికకు వచ్చిన ఉత్తరాలతో ఎడిటోరియల్ పేజీ చాలక ఇంకో పేజీ తెరిచారు. మెథడిస్టు చర్చి హాల్లో బహిరంగ సభ పెడితే జనం కిటికీల దాకా నిలబడ్డారు. ఒక పశువుల కామందు లేచి, “ఈరోజు వాళ్ళ పిల్లలు, రేపు నా పిల్లలు. నేను పిల్లల్ని టీకాలకి తీసుకెళ్ళను. నా ఇంటికి బస్సు ఎప్పుడొస్తుంది?” అని అరిచాడు. వెనక నుంచి ఎవరో, “నీ పిల్లలు నీకన్నా పెద్దవాళ్ళయ్యార్రా హ్యాంక్, కూర్చో,” అంటే సభంతా నవ్వింది. తర్వాత ఒక రిటైర్డు టీచరమ్మ లేచింది. ఇరవై ఏళ్ళ కిందట లోయ నుంచి తన బడికి వచ్చే ఒక అమ్మాయి వేసవి సెలవుల తర్వాత తిరిగి రాలేదనీ, తాను వెళ్ళి అడిగితే “ఆమె ఇప్పుడు గృహిణి” అన్నారనీ చెప్పింది. “నేను అప్పుడు మర్యాదగా ఇంటికి తిరిగొచ్చాను. మర్యాద తప్ప మరేం పాటించామో చెప్పండి,” అంది. ఎవరూ నవ్వలేదు. చివర్లో ఓటింగు పెట్టాలని ఒకరన్నారు. దేనిమీద ఓటో తేల్చుకోలేక సభ ముగిసింది.

నాకూ ఉత్తరాలొచ్చాయి. జనానాల దేశం నుంచి వచ్చినవాడు నీతులు చెప్పేదేమిటని ఒకటి. అదే దేశంవాడు కాబట్టి వాళ్ళను వెనకేసుకొస్తున్నాడని ఇంకొకటి. వాల్టర్ రెండూ చదివి, “చెప్పానా?” అని తృప్తిగా వేశాడు, పక్కపక్కనే.

ఆ తర్వాత వచ్చింది మొదట్లో చెప్పిన విచారణ. పిల్లల కేసులు మామూలుగా తలుపులు మూసి నడుపుతారు. పేర్లు రాయకూడదన్న షరతు మీద ఈ జడ్జి విలేకరులను రానిచ్చాడు. అందుకే ఆ అమ్మాయి పేరు అప్పుడూ రాయలేదు, ఇప్పుడూ రాయను.

ఆఫీసుకు వచ్చి వాల్టర్‌కు వంటింటి సంగతి, ముడి సంగతి చెప్పాను.

“ఆమెకు పెళ్ళయిందని రాస్తావా?”

“రాయను. నాకు తెలియదు.”

“జుట్టు మార్చుకుందని రాస్తావా?”

“అది చూశాను.”

“ఆచారం అదేనని ఇంకెవరైనా చెప్పారా?”

రెండో ఆధారం లేకుండా ఆరోపణ అచ్చు వెయ్యకూడదన్నది మా నియమం. ఆచారం సంగతి చెప్పింది లేయా ఒక్కతే, అదీ పరాచికంగా. నేను లోయకు ఫోన్ చేస్తే ఎఫ్రెయిమ్, “మా ఆడవాళ్ళ జుట్టు గురించి నేను పత్రికలతో మాట్లాడను,” అన్నాడు. అది అవుననడమూ కాదు, కాదనడమూ కాదు. చివరికి వాల్టర్ ఆచారాన్ని కొట్టేసి, చూసినదాన్ని ఉంచాడు. కథనం చివర్లో రెండు వాక్యాలు మిగిలాయి. మే నెలలో ఈ విలేకరి లోయలో చూసినప్పుడు ఆమె రెండు జడలతో ఉంది. కోర్టులో ఆమె జుట్టు ముడివేసి ఉంది.

విశేషణం ఒక్కటీ లేదు. ఊరికి అర్థం కావడానికి అది చాలింది. లోయ నుంచి బైటపడి పట్టణంలో స్థిరపడ్డ పాతకాలపు ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉండేవారు. మర్నాటికే వాళ్ళ నోట ఆ ముడికి అర్థం ఊరంతా తెలిసింది. అయితే తమ పేరు బైటికి రానివ్వడానికి గానీ, కోర్టుకు రావడానికి గానీ ఒక్కరూ ఒప్పుకోలేదు. తోబుట్టువులు ఇంకా లోయలోనే ఉన్నారు మరి.

డీన్ విడి పిటిషన్ వేశాడు. ముడినే అతను ప్రధానాంశం చేసుకున్నాడు. ఆ అమ్మాయి నోరు విప్పలేదు. డాక్టర్ల నివేదికతో ఇటూ అటూ ఏదీ తేలలేదని జడ్జి పైకే అన్నాడు. కాబట్టి డీన్ చేతిలో మిగిలింది అదొక్కటే. లోయలో ఏం చూశానో, ఏం విన్నానో సాక్ష్యం చెప్పమని నాకు సమన్లు పంపాడు. పత్రిక వకీలు అభ్యంతరం చెప్పాడు. విలేకరి చూసింది పత్రికలో ఉంది, అంతకుమించి బోనెక్కితే రేపు ఏ వంటింటి తలుపూ తెరుచుకోదు. ఇది వాల్టర్ పట్టు, నాదీ. జడ్జి మా అభ్యంతరం ఒప్పుకున్నాడు. దాంతో డీన్ ఆ ముడి సంగతి ఎఫ్రెయిమ్‌నే అడగాల్సి వచ్చింది.

అక్టోబరులో ఆ విచారణ జరిగింది. నేను కోర్టులో అడుగుపెట్టేసరికి లోయవాళ్ళు వెనక బెంచీలన్నీ నింపి ఉన్నారు. ముందు నాకు పోల్చుకోవడానికి క్షణం పట్టింది. పన్నెండేళ్ళ పిల్లకు ముడి. ఏడేళ్ళ పిల్లకు ముడి. ఒక తల్లి ఒళ్ళో రెండేళ్ళ పాపకు చాలీచాలని జుట్టును లాగి పిన్నులతో బిగిస్తే, ఒక పిన్ను జారి చెవిమీద వేళ్ళాడుతోంది. ఆ పాప దాన్ని పీక్కుంటోంది, తల్లి చెయ్యి పట్టుకుని ఆపుతోంది. ఒక్క ఆడపిల్లకు కూడా జడలు లేవు.

డీన్ ప్రారంభంలో ఆ అమ్మాయి జనన రికార్డు చదివాడు. తల్లి పేరు దగ్గర నేను తలెత్తాను. లేయా.

తర్వాత ఎఫ్రెయిమ్‌ను బోనెక్కించాడు. “మీ సమాజంలో ముడి వేసుకోవడం అంటే అర్థం ఏమిటి?”

ఎఫ్రెయిమ్ వెనక బెంచీలవైపు చెయ్యి చాపాడు. “మీరే చూడండి. ఆ చంటిదానికి కూడా పెళ్ళయిందంటారా?”

హాల్లో నవ్వు లేచింది. జడ్జి ఆపమన్నాడు.

“ఇది ఎప్పట్నుంచి?” అన్నాడు డీన్.

“మా ఆడపిల్లల తలలు పత్రికలకెక్కినప్పట్నుంచి. ఊళ్ళోకి వస్తే జనం జడలు లెక్కపెడుతున్నారు. ఇక ఆ శ్రమ లేకుండా చేశాం.”

జవాబులో తప్పు పట్టడానికి లేదు. నిజంగానే జనం లెక్కపెట్టారు. కిరాణా కొట్టులో లోయ పిల్లల వెనక నిలబడి గుసగుసలాడటం నేనే చూశాను. తమ పిల్లల్ని కాపాడుకోవడానికి ఏ తల్లిదండ్రులైనా చేసే పనే. ఒక్క పిల్లను దాచడానికి మిగతా పిల్లలందరినీ ఆమెలా తయారుచేశారన్నా సరిగ్గా ఇలాగే ఉంటుంది. రెండింటికీ తేడా చెప్పగలిగిన వస్తువు ఆ గదిలో ఒక్కటీ లేదు.

“జుట్టు నాకిప్పుడు ఏమీ చెప్పడం లేదు, మిస్టర్ డీన్,” అన్నాడు జడ్జి. పిటిషన్‌ను మరింత సాక్ష్యం దొరికేదాకా వాయిదా వేశాడు. తేదీ వెయ్యలేదు. ఆ అమ్మాయిని ఇంటికి పంపించాడు.

ఆమె లేచి వెనక బెంచీలవైపు నడిచింది. అదే గౌను, అదే ముడి, చుట్టూ అవే ముడులు. తలుపు దగ్గర గుంపులో కలిశాక వాళ్ళలో ఆమె ఎవరో నేను పోల్చలేకపోయాను.

మెట్లమీద ఎఫ్రెయిమ్ నాకు చెయ్యి అందించాడు. “మీరు చూసింది చూసినట్టే రాశారు మూర్తిగారూ. మాకు ఫిర్యాదు లేదు.”

“లేయాగారు రాలేదే? కూతురి కేసు కదా.”

“చుట్టాలింటికి వెళ్ళింది.”

“ఎక్కడికండీ?”

“మావాళ్ళు చాలాచోట్ల ఉన్నారు,” అని టోపీ పెట్టుకున్నాడు.

డాక్టర్ సుశీల కూడా ఆ రోజు సాక్షిగా వచ్చారు. కార్ల దగ్గర ఆవిడే నన్ను ఆపారు.

“ఆ పిల్ల తల్లి రాలేదు, చూశారా?”

“చూశాను. చుట్టాలింటికి వెళ్ళిందట.”

“వ్యాయామశాల గేటు దగ్గర మొదట్రోజు నుంచీ కదలకుండా నిలబడింది ఆవిడొక్కతే. గార్డులు కుర్చీ ఇచ్చినా కూచోలేదు. అలాంటి మనిషి ఇవాళ చుట్టాలింటికి వెళ్తుందా?”

మే నెలలో లేయా జడల గురించి నాతో అన్నమాట అప్పుడు డాక్టరుగారికి చెప్పాను.

“నవ్వుతూ చెప్పిందా?”

“అందరికన్నా గట్టిగా నవ్వింది.”

“నవ్వకుండా చెప్తే మిగతావాళ్ళకి తెలిసిపోదూ?” అన్నారు. తర్వాత తనే, “ఏమో. మనకేం తెలుసు? పిండి పిసుకుతూ ఊరికే అనుండొచ్చు. మీ ఆవిడ మీద జోకు వెయ్యడానికి కారణమేం కావాలండీ ఎవరికైనా!” అంటూ కారెక్కారు.

ఆ మాట లేయా ఊరికే అందో, రాబోయేదేమిటో తెలిసిన తల్లి బైటివాడి చేతిలో కావాలనే ఒక తాళంచెవి పెట్టిందో నేను తేల్చుకోలేదు. ఆ చలికాలంలో రెండుసార్లు లోయకు ఫోన్ చేసి లేయా కోసం అడిగాను. రెండుసార్లూ “లేదు” అన్నారు. మూడోసారి చేస్తే నంబరు మారింది. డీన్ మరుసటి ఏడాది ఎన్నికల్లో ఓడిపోయాడు. అతని తర్వాత వచ్చినాయన లోయ ఊసెత్తలేదు.

మా వృత్తిలోకి వచ్చేవాళ్ళు అడిగితే ఈ ఘట్టం నుంచి నేను చెప్పేది ఒక్కటే. ఒక గుర్తు కొద్దిమందికి తెలిసినంతకాలమే గుర్తు. అచ్చయిన రోజున అది అందరి సొత్తవుతుంది. వెతికేవాళ్ళు చదివే పత్రికే దాచేవాళ్ళూ చదువుతారు. ఆ రెండు వాక్యాలు నిజం. నిజం కావడం వల్లే అవి ఆ తర్వాత ఎవరికీ పనికిరాకుండా పోయాయి. చూసినదాన్ని రాయడం విలేకరి పని. రాసినదాన్ని మిగతావాళ్ళు ఏం చేస్తారన్నది అతని చేతిలో లేదు. కానీ రాసే ముందు దాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

రిటైరయ్యాక ఒకసారి ఆ ఊరిమీదుగా వెళ్తూ కోర్టు ఆఫీసులో వాకబు చేశాను. పిల్లల కేసు కాబట్టి ఫైలు చూపించరు. దాని స్థితి మాత్రం క్లర్కు చెప్పింది. ఆ పిటిషన్‌ను కోర్టు ఒప్పుకోలేదు, కొట్టెయ్యలేదు. ఆమెకు పద్దెనిమిదేళ్ళు నిండగానే చట్టప్రకారం దాని అవసరం తీరిపోయింది. మూసినట్టు మాత్రం ఎవరూ ఉత్తర్వు రాయలేదు. ఆ అమ్మాయి జడలు విప్పి ముడి వేసింది ఎప్పుడో, ఆ చేతులు లేయావేనో కాదో, కోర్టు రికార్డులో లేదు, మా పత్రికలోనూ లేదు.